పిండం విడిచిన బొట్టు ఏమి చెబుతుంది?

పెళ్లయి ఏళ్లు గడిచినా ఒడి నిండని దంపతులు చికిత్సకు వెళ్లే ముందు ఆలిమ్‌లను సంప్రదించడం మన సమాజంలో ఉన్న మంచి అలవాటు. పదిహేనేళ్ల క్రితం వారడిగే ప్రశ్న ఒక్కటే: “హజ్రత్, టెస్ట్‌ట్యూబ్ బేబీ జాయిజేనా?” నేడు ప్రశ్నలు మారాయి. ఆ మధ్య ఒక యువకుడు ఖర్చుల కాగితం ఒకటి నా ముందు పెట్టి, అందులో ఒక పంక్తి మీద వేలుంచి ఇలా అడిగాడు: “హజ్రత్, ఇందులో పిండాన్ని ముట్టుకోరట. అది పెరిగిన ద్రవాన్ని మాత్రమే పరీక్షించి, ఏ పిండం కడుపులో నిలుస్తుందో ముందే చెబుతారట. చేయించుకోవచ్చా?”

ఈ ఒక్క ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. షరీఅత్ దీనిని అనుమతిస్తుందా అన్నది మొదటిది. ఈ పరీక్ష చేస్తానన్న పని నిజంగా చేస్తుందా అన్నది రెండవది. సాధారణంగా మనవారు మొదటిదానితోనే ఆగిపోతారు. “జాయిజే” అన్న మాట వినగానే అప్పుచేసైనా సరే చేయించుకోవడానికి సిద్ధపడతారు. అయితే ధర్మసమ్మతమైన వస్తువు మీద కూడా వృథా వ్యయం చేయరాదన్నది మన ధర్మమే నేర్పిన పాఠం. కనుక రెండవ ప్రశ్నకు సమాధానం వెదకకుండా మొదటిదానికి తీర్పు చెప్పడం సగం పని మాత్రమే.

ఆ పరీక్ష వెనుక ఉన్న శాస్త్రం పేరు మెటబొలోమిక్స్. పేరు కఠినమే గాని విషయం మన వంటింటికి దగ్గరిది. మనం తిన్న రొట్టె, మాంసం, నెయ్యి శరీరంలో చేరాక అలాగే ఉండవు. చక్కెర విరిగి శక్తిగా మారుతుంది. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. కొవ్వు మరొక రూపం ధరిస్తుంది. ఈ మార్పులనే జీవక్రియ అంటారు. ఆ క్రియలో పుట్టి, ఖర్చయి, మిగిలిపోయే చిన్న చిన్న అణువులే మెటబొలైట్లు. మధుమేహ రోగి వేలికొనను గుచ్చి చక్కెర చూసుకోవడం ఒక మెటబొలైట్‌ను కొలవడమే. అలా ఒక్కదానితో ఆగక వందలాది అణువులను ఒకేసారి కొలిచి, ఆ మొత్తం తీరును బట్టి శరీరస్థితిని గ్రహించే ప్రయత్నమే మెటబొలోమిక్స్. ఇంటిలోపల ఎందరున్నారో చూడకుండానే, లోపలికి వెళ్లిన సరుకును, బయట పడవేసిన తొక్కలను చూసి ఆ ఇంటి సంగతి ఊహించినట్లన్నమాట.

ఇక సంతాన చికిత్సలో దీని పాత్ర చూద్దాం. ఐ.వి.ఎఫ్. పద్ధతిలో భార్య అండాన్ని, భర్త శుక్రకణాన్ని శరీరం వెలుపల కలుపుతారు. అలా ఏర్పడిన పిండాన్ని 37 డిగ్రీల వెచ్చదనం గల పెట్టెలో, నూనె పొర కింద, ఒక పోషక ద్రవపు బొట్టులో మూడు నుంచి ఐదు రోజులు పెంచుతారు. ఆ బొట్టు ఎంతటిది? మిల్లీలీటరులో ఇరవయ్యో వంతుకు అటూఇటూగా ఉంటుంది. అందులో గ్లూకోజు, పైరువేట్, లాక్టేట్, అమైనో ఆమ్లాలు ఉంటాయి. పిండాన్ని గర్భాశయంలోకి చేర్చిన తర్వాత ఆ బొట్టు పారబోయవలసినదే. దానినే యంత్రంలో పెట్టి, పిండం ఏమి తిన్నది, ఏమి విడిచింది అని చూస్తారు. పిండం నుంచి ఒక్క కణం కూడా తీయరు.

పిండం ఆహారపు అలవాట్లు ఆశ్చర్యకరమైనవి. మొదటి రెండు మూడు రోజులు అది గ్లూకోజు జోలికి అంతగా పోదు. పైరువేటే దాని ప్రధానాహారం. నాలుగైదు రోజుల నాటికి గ్లూకోజు వాడకం పెరుగుతుంది. ఆ అలవాటును నేర్పినవాడు సృష్టికర్త. దానిని కొలిచి చూసే తెలివినిచ్చినవాడూ ఆయనే. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ లీస్ ఈ విషయమై దశాబ్దాల పాటు శ్రమించి, 2002లో ఒక ప్రతిపాదన చేశారు. హడావిడి లేకుండా, నిదానంగా పోషకాలను వాడుకొనే పిండమే ఆరోగ్యవంతమైనదనీ, లోపల దెబ్బతిన్న పిండం ఆ దెబ్బలను సరిచేసుకోవడానికి ఎక్కువ పదార్థాన్ని ఖర్చు చేస్తుందనీ దాని సారాంశం. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌కు చెందిన డేవిడ్ గార్డ్‌నర్ బృందం 2011లో మరో సంగతి ప్రకటించింది. నాలుగు, ఐదవ రోజుల్లో ఎక్కువ గ్లూకోజు తీసుకున్న పిండాలే శిశువులుగా జన్మించే అవకాశం అధికమని. ఒకరు నిదానంగా తినేది మేలన్నారు, మరొకరు బాగా తినేది మేలన్నారు. వారు కొలిచిన పదార్థాలు, రోజులు వేరు కనుక ఈ రెండూ ఒకదానినొకటి రద్దు చేసేవి కావు. కానీ “ఇదే మంచి పిండపు గుర్తు” అని ఒక్క మాటలో తేల్చడం ఎంత కష్టమో దీనివల్ల అర్థమవుతుంది.

ఆశ కలిగించిన వార్త 2007లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. పిండం వదిలిన ద్రవంపై ప్రత్యేకమైన కాంతిని ప్రసరింపజేసి, వెలువడిన తీరును బట్టి ఏ పిండాలు గర్భంగా నిలిచాయో వేరుచేయగలమని అక్కడి పరిశోధకులు చూపారు. కొద్ది నిమిషాల పరీక్ష. ఒక చిన్న యంత్రం. వ్యాపార సంస్థ కూడా రంగంలోకి దిగింది. ఇక ప్రతి ప్రయోగశాలలో ఈ యంత్రం ఉంటుందన్నారు.

అప్పుడు అసలు పరీక్ష మొదలయింది. జరిగిపోయిన వాటిని వెనుదిరిగి చూసి సంబంధం కనుగొనడం వేరు, ముందుగా చెప్పి నిరూపించడం వేరు. స్వీడన్‌లోను, నెదర్లాండ్స్‌లోను వైద్యులు దంపతులను చీట్లు వేసినట్లు రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి మామూలుగా సూక్ష్మదర్శినిలో ఆకారం చూసి పిండాన్ని ఎన్నుకున్నారు. మరో వర్గానికి ఆకారంతో పాటు ఈ ద్రవ పరీక్షను కూడా జోడించారు. 2011, 2012 సంవత్సరాలలో ఫలితాలు వెలువడ్డాయి. పరీక్ష చేయించుకున్న వర్గంలో గర్భాలు పెరగలేదు. ప్రపంచవ్యాప్తంగా వైద్య పరిశోధనలను తూచి చెప్పే కాక్రేన్ సంస్థ 2018లో అటువంటి నాలుగు అధ్యయనాలను, మొత్తం 924 మంది మహిళల వివరాలను కలిపి పరిశీలించింది. ఈ పరీక్ష వల్ల సజీవ శిశు జననాలు పెరుగుతాయనడానికి ఆధారం లేదని తేల్చింది.

ఎందుకిలా జరిగింది? కారణాలు తెలుసుకోవడం ప్రతి దంపతులకూ అవసరం, ఎందుకంటే రేపు మరో పేరుతో మరో పరీక్ష వస్తుంది. మొట్టమొదటి కారణం చాలా సులభమైనది. పిండాలను వరుసలో నిలబెట్టే ఏ పరీక్ష అయినా ఉన్నవాటిలో ఏది ముందో చెప్పగలదు గాని, లేని దానిని సృష్టించలేదు. బలహీనమైన దానిని బలపరచలేదు. ఒక దంపతులకు నాలుగు పిండాలున్నాయనుకోండి. వాటిని ఒకదాని తర్వాత ఒకటి గర్భంలోకి చేర్చుతారు. నిలవవలసినది ఒకటి అందులో ఉంటే ఎప్పటికైనా దాని వంతు వస్తుంది. మంచి పరీక్ష ఆ నిరీక్షణను కొంత తగ్గించగలదు. అంతకు మించి కాదు. ఇక వయసు మీరిన భార్యకు ఒకటో రెండో పిండాలే వస్తే? ఒక్కటే ఉన్నప్పుడు ఎన్నిక ఏమిటి? అయినా అటువంటివారే ఎక్కువ ఆందోళనతో ఎక్కువ పరీక్షలకు డబ్బు చెల్లిస్తారు.

రెండవ కారణం బొట్టుకు సంబంధించినది. పోషక ద్రవాన్ని వేర్వేరు కంపెనీలు వేర్వేరుగా తయారుచేస్తాయి. బొట్టు ఒకచోట పెద్దది, మరోచోట చిన్నది. కాస్త ఆవిరైనా లెక్క మారుతుంది. ఒక ప్రయోగశాలలో సరిపోయిన కొలత మరొకదానిలో సరిపోదు. దానికితోడు పిండం నిలవకపోవడానికి దాని ఆహారం ఒక్కటే కారణం కాదు. క్రోమోజోముల సంఖ్యలో తేడా ముఖ్య కారణం. భార్య వయసు పెరిగేకొద్దీ అది హెచ్చుతుంది. గర్భాశయపు పొర స్థితి మరొకటి. బొట్టు ఇవన్నీ చెప్పదు.

మన మద్రసాలలో హదీసు శాస్త్రం చదివే విద్యార్థికి ఇదంతా కొత్త విషయం కాదనిపిస్తుంది. ఒక మాట వినసొంపుగా ఉన్నంత మాత్రాన ముహద్దిసీన్ దానిని స్వీకరించలేదు. ఎవరు చెప్పారు, ఎవరి నుంచి విన్నారు, ఆయన జ్ఞాపకశక్తి ఎటువంటిది, మరొక మార్గంలో కూడా అది వచ్చిందా అని ఒక్కొక్క కడియాన్నీ తట్టి చూశారు. వైద్యులు దంపతులను రెండు వర్గాలుగా విభజించి చూడటం కూడా అటువంటి తట్టి చూడటమే. బలహీనమైన ఉల్లేఖనం విషయంలో చాలామంది ఉలమాలు పాటించిన ఒక పద్ధతి ఇక్కడ నాకు మరీ ఉపయోగకరంగా తోస్తున్నది. సత్కార్యాలకు ప్రోత్సాహం కలిగించే సందర్భాలలో, కొన్ని షరతులతో, దానిని ప్రస్తావించవచ్చునన్నారు. హలాల్, హరామ్ నిర్ణయానికి మాత్రం అది పనికిరాదన్నారు. ఈ ద్రవ పరీక్ష స్థాయి కూడా అంతే. ఏ పిండాన్ని ముందు చేర్చాలన్న వరుసకు ఒక సూచనగా డాక్టరు దానిని చూస్తే చూడవచ్చు. దాని ఆధారంగా ఒక పిండాన్ని పనికిరాదని పారవేయడం మాత్రం తగదు.

ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, అసలు ప్రమాదం అక్కడే ఉంది. “పిండాన్ని ముట్టుకోరు కదా, ఇందులో దోషమేముంది?” అని అందరూ అనుకుంటారు. పరీక్షలో దోషం లేదు. ఫలితం కాగితం మీదికి ఎక్కిన తర్వాత “తక్కువ మార్కులు” వచ్చిన పిండాలను ఏమి చేస్తారన్నదే ప్రశ్న. 924 మంది మీద ప్రయోజనం నిరూపించుకోలేని ఒక అంకె, ఒక దంపతుల చివరి పిండం విషయంలో తీర్పరిగా కూర్చోరాదు.

షరీఅత్ హద్దులు

ఐ.వి.ఎఫ్. విషయమై ఉలమాల తీర్పును క్లుప్తంగా చెప్పుకుందాం, ఎందుకంటే దీని గురించి పాఠకులకు చాలావరకు తెలుసు. ఈ పద్ధతిలో మొదటి శిశువు 1978 జులైలో ఇంగ్లండులో పుట్టింది. అదే ఏడాది అక్టోబరులో కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మన దేశపు తొలి శిశువు జన్మించింది. 1980 మార్చిలోనే ఈజిప్టు ముఫ్తీ షేఖ్ జాదుల్ హఖ్ దీనిపై వివరమైన ఫత్వా ఇచ్చారు. 1986 అక్టోబరులో అమ్మాన్ నగరంలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ, అప్పటికి వాడుకలో ఉన్న ఏడు పద్ధతులను పరిశీలించి, అయిదింటిని నిషిద్ధమని ప్రకటించింది. భర్త వీర్యాన్ని భార్య గర్భాశయంలోకి చేర్చడం, భార్యాభర్తల అండ శుక్రకణాలను వెలుపల కలిపి ఆ భార్య గర్భంలోనే ఉంచడం, ఈ రెండింటిని మాత్రం అవసరమున్నప్పుడు తగిన జాగ్రత్తలతో అనుమతించింది. దాత వీర్యం, దాత అండం, అద్దె గర్భం, చివరకు ఒక భార్య అండాన్ని అదే భర్త రెండవ భార్య మోయడం కూడా అనుమతి పొందలేదు. వంశం, అనగా నసబ్ కలుషితం కాకుండా కాపాడటమే ఇందులోని ప్రధానోద్దేశం. మన దేశంలోని కొందరు ముఫ్తీలు దేహాన్ని పరులముందు కనబరచడం, వీర్య సేకరణ మొదలైన విషయాలలో మరింత కఠిన వైఖరి వహిస్తారు. మీరు ఎవరి మార్గదర్శకత్వాన్ని అనుసరిస్తారో వారిని ముందుగా అడగండి. వీర్యాన్ని దాంపత్య జీవితం ద్వారానే సేకరించడానికి వీలైన ప్రత్యేకమైన తొడుగులు ఉన్నాయని, శుక్రకణాలకు హానిచేసే మందు వాటిలో ఉండదని కూడా తెలుసుకోండి. అడిగితే ఆసుపత్రివారు ఏర్పాటు చేస్తారు.

నికాహ్ బంధం నిలిచి ఉన్నంతవరకే ఈ అనుమతి. తలాఖ్‌తో బంధం పూర్తిగా తెగిపోయినా, భర్త మరణించినా, నిల్వ ఉన్న పిండాన్ని ఆ స్త్రీ గర్భంలోకి చేర్చడం సమ్మతం కాదని ఉలమాలలో అత్యధికుల అభిప్రాయం. దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఇది కఠినంగా తోచవచ్చు. అందుకే ముందే తెలిసి ఉండాలి.

మిగిలిపోయే పిండాల గురించి అదే అకాడమీ 1990 మార్చిలో జిద్దాలో తీర్మానించింది. ప్రతిసారీ చేర్చడానికి అవసరమైనన్ని అండాలనే ఫలదీకరించాలనీ, ఒకవేళ మిగిలితే వాటిని వైద్యసంరక్షణ లేకుండా సహజంగా ముగిసిపోయేవరకు వదలివేయాలనీ, మరొక స్త్రీకి వాడటం హరామ్ అనీ అది పేర్కొన్నది. ఈ తీర్మానం దృష్టితో చూస్తే మెటబొలోమిక్స్‌కు ఒక మంచి భవిష్యత్తు కూడా ఉన్నది. అండం చుట్టూ ఉండే తిత్తిలోని ద్రవాన్ని పరీక్షించి ఏ అండం బలమైనదో ముందే తెలుసుకోగలిగితే, పది అండాలకు బదులు రెండింటినే ఫలదీకరించవచ్చు. మిగులు పిండాల సమస్యే తగ్గిపోతుంది. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు కలకత్తా వైద్యులతో కలిసి, మణిపాల్ వైద్య కళాశాలవారు బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థతో కలిసి ఈ రంగంలో పరిశోధనలు చేశారు. ఇవి పరిశోధనలు. రోగి డబ్బుతో అమ్మే స్థాయికి చేరిన పరీక్షలు కావు. ఈ రెండింటికీ నడుమ తేడాను డాక్టరే చెప్పాలి, చెప్పకపోతే మనమే అడగాలి.

మరొక హెచ్చరిక చేయక తప్పదు. పైన చెప్పిన 2011 నాటి పరిశోధనలోనే ఆడ పిండాలు మగ పిండాల కంటే ఎక్కువ గ్లూకోజు తీసుకున్నాయని కూడా తేలింది. పిండాన్ని ముట్టకుండానే లింగాన్ని ఊహించే మార్గం ఒకటి తెరుచుకున్నదన్నమాట. మన దేశంలో గర్భధారణకు ముందు గాని తర్వాత గాని లింగ ఎంపిక చేయడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. సహాయక పునరుత్పత్తిపై 2021లో వచ్చిన చట్టమూ దానిని నిషేధించింది. ఆడపిల్ల పుట్టిందన్న వార్తకు ముఖం నల్లబడే తండ్రిని దివ్యఖురాన్ ఎంత తీవ్రంగా నిందించిందో మనకు తెలుసు. సజీవంగా పాతిపెట్టడం ఒక రకం. చక్కెర లెక్క చూసి వరుసలో వెనక్కు నెట్టడం దానికి మర్యాదస్తుల రూపం. అటువంటి సూచన ఎవరు చేసినా ఆ గది నుంచి లేచి రావాలి.

భర్త పరీక్ష ముందు

ఈ ఖరీదైన పరీక్షల గురించి ఇంత మాట్లాడుకొని, ఇదే శాస్త్రానికి చెందిన ఒక చవకైన పరీక్షను మరచిపోతే అన్యాయం. దానివల్ల ఎన్నో ఇళ్లలో నిందలు తప్పుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం ప్రతి ఆరుగురు వయోజనులలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారు. అలాంటి జంటలలో దాదాపు సగం సందర్భాల్లో పురుషుని వైపు లోపం కూడా పాలు పంచుకుంటుంది. కానీ మన ఇళ్లలో జరిగేదేమిటి? అత్తగారు కోడలిని తీసుకొని ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి, అక్కడ నుంచి తాయెత్తులు కట్టేవారి దగ్గరకు తిరుగుతుంది. స్కానింగులు, హార్మోను ఇంజక్షన్లు, గర్భాశయ పరీక్షలు అన్నీ ఆమెకే. అబ్బాయి గల్ఫ్‌లో ఉంటాడు, రెండేళ్లకొకసారి నలభై రోజుల సెలవుపై వస్తాడు. “మా వాడికేమిటి, సింహంలా ఉన్నాడు” అన్న మాటతో అతని పరీక్ష ముగిసిపోతుంది. తర్వాత రెండో పెళ్లి ప్రస్తావన వస్తుంది. రెండో భార్య కూడా గర్భం ధరించనప్పుడు గాని ఎవరికీ అనుమానం రాదు. అప్పటికి మొదటి ఆమె జీవితం ఏమైపోయింది?

వీర్య పరీక్షలో శుక్రకణాలే కనిపించకపోతే కొందరు కుంగిపోతారు, కొందరు ఆ కాగితాన్ని భార్య కంట పడకుండా దాచేస్తారు. ఇక్కడే పాతకాలపు మెటబొలైట్ పరీక్ష ఒకటి వెలుగు చూపుతుంది. వీర్యంలో ఫ్రక్టోజ్ అనే చక్కెర ఉంటుంది, తేనెలోను పండ్లలోను ఉండేదే. శుక్రకణాలకు ప్రయాణపు దారిబత్తెంగా వీర్యకోశాలు దానిని సమకూరుస్తాయి. రిసార్సినాల్ అనే రసాయనాన్ని ఆమ్లంతో కలిపి వీర్యంలో వేసి వేడిచేస్తే, ఫ్రక్టోజ్ ఉన్నప్పుడు ఎర్రని రంగు వస్తుంది. ఈ పరీక్షకు గొప్ప యంత్రమేమీ అక్కరలేదు. శుక్రకణాలూ లేవు, ఫ్రక్టోజూ లేదు, వీర్యం పరిమాణం కూడా తక్కువగా ఉన్నదంటే, దారి ఎక్కడో మూసుకుపోయి ఉండవచ్చు, లేదా నాళాలు జన్మతః ఏర్పడి ఉండకపోవచ్చు. అంటే శుక్రకణాలు తయారవుతూనే ఉండి బయటికి రాలేకపోతుండవచ్చు.

ఈ తేడా ముస్లిం కుటుంబానికి ఎంత విలువైనదో ఆలోచించండి. “మీకు శుక్రకణాలు లేవు, దాత వీర్యం తీసుకోండి” అన్న సలహాను మన దేశ చట్టం అనుమతిస్తుంది, షరీఅత్ అనుమతించదు. ఆ సలహా విన్న దంపతుల ముందు తలుపులన్నీ మూసుకున్నట్లు తోస్తుంది. కానీ అడ్డు కేవలం నాళంలో ఉంటే, సూదితో వృషణం నుంచి గాని దానిపైనుండే నాళికల నుంచి గాని శుక్రకణాలను తీసి, ఒక్కొక్క అండంలోకి ఒక్కొక్క కణాన్ని ప్రవేశపెట్టవచ్చు. ఈ పద్ధతిలో శిశువులు జన్మించినట్లు బ్రసెల్స్ వైద్యులు 1992లో ప్రకటించారు. నేడు మన రాష్ట్రాలలోని పెద్ద కేంద్రాలన్నింటా అది జరుగుతున్నది. బిడ్డ ఆ తల్లికి, ఆ తండ్రికే పుడుతుంది. నసబ్ భద్రంగా ఉంటుంది. ఎర్రరంగు రావడం, రాకపోవడం అన్న చిన్న సంగతి హరామ్ వైపు మళ్లబోయిన కుటుంబాన్ని హలాల్ దారిన పెట్టగలదు. నాళాలు జన్మతః లేనివారిలో కొందరికి సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వ్యాధికి సంబంధించిన జన్యుదోషం ఉంటుంది కనుక, చికిత్సకు ముందు భార్యాభర్తలిద్దరూ ఆ పరీక్ష చేయించుకోవాలి. మేనరికాలు, దగ్గరి చుట్టరికాలు చేసుకున్నవారు మరీ ముఖ్యంగా.

అడ్డు నాళంలో కాక, ఉత్పత్తిలోనే లోపముంటే విషయం కష్టమే. అప్పుడు శస్త్రచికిత్స చేసి వృషణంలో వెదుకుతారు, దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. వీర్యంలోని మెటబొలైట్ల తీరును బట్టి, కత్తి పెట్టకముందే దొరికే అవకాశం ఎంతో చెప్పగలమా అని శాస్త్రవేత్తలు పరిశీలిస్తున్నారు. పిండాలకు మార్కులు వేసే పరీక్ష కంటే ఇది నిలదొక్కుకుంటే మన కుటుంబాలకు ఎక్కువ మేలు జరుగుతుందని నా అభిప్రాయం.

భార్య విషయంలోనూ సాదా పరీక్షలే ముందు. అండాశయంలో నీటిబుడగలు, నెలసరి క్రమం తప్పడం ఉన్న పీసీఓఎస్ నిజానికి చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడంతో ముడిపడిన జీవక్రియా సమస్యే. రక్తంలో చక్కెర చూసుకోవడం, బరువు కొంత తగ్గించుకోవడం, థైరాయిడ్ పరీక్ష, ఇవన్నీ ఐ.వి.ఎఫ్. గడప తొక్కక ముందే జరగాలి. భర్త సిగరెట్టు, గుట్కా మానడం కూడా చికిత్సలో భాగమే. దానికి ఫత్వా ఎవరూ అడగరు!

ఖర్చు, కన్నీరు

ఐ.వి.ఎఫ్. ఒకసారితో ఫలించకపోవడం సాధారణం. మూడవసారికి నగలు కరిగిపోతాయి, స్థలం అమ్ముడుపోతుంది, ఆపై వడ్డీ అప్పు. బిడ్డను కోరుకోవడం సున్నత్. దానికోసం వడ్డీని ఇంటిలోకి తెచ్చుకోవడం ఎవరి సున్నత్? అలా కుటుంబం అంచున నిలబడి ఉన్నప్పుడే అదనపు పరీక్షలు, అదనపు ఇంజక్షన్లు ఒక్కొక్క పంక్తిగా కాగితంలోకి చేరుతాయి. బ్రిటన్‌లో ఈ రంగాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఇలాంటి అదనపు సేవలలో వేటికి ఆధారముందో, వేటికి లేదో ప్రజలందరూ చూసేలా ప్రకటిస్తుంది. మన దగ్గర ఆ పని దంపతులే చేసుకోవాలి. ప్రతి పంక్తి గురించి డాక్టరును మర్యాదగా ఈ మాట అడగండి: “దీనివల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరిగిందని, రెండు వర్గాలుగా చేసిన అధ్యయనంలో తేలిందా? లేక ఇంకా పరిశోధన దశలోనే ఉందా?” నిజాయితీపరుడైన వైద్యుడు ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు. పరిశోధన దశలోనే ఉందంటే, అందులో పాల్గొనవచ్చు, తప్పులేదు. పాల్గొనేవారి నుంచి లిఖితపూర్వక అనుమతి తీసుకోవాలి, ఆ పరీక్షకు రుసుము వసూలు చేయరాదు.

సంతానం ఎవరికి కూతుళ్లుగా, ఎవరికి కొడుకులుగా, ఎవరికి రెండు విధాలుగా ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో నిర్ణయించేవాడు అల్లాహ్ అని సూరా షూరాలో స్పష్టంగా ఉన్నది. హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) వృద్ధాప్యంలోనూ దువా మానలేదు. ఉమ్ముల్ మోమినీన్ హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా)కు సంతానం లేదు. ఉమ్మత్ సగర్వంగా ఆమెను తల్లి అని పిలుచుకుంటున్నది. “గొడ్రాలు” అన్న మాట నోటికి వచ్చేముందు మన అత్తగార్లు, ఆడపడుచులు ఆ ఇంటిని ఒకసారి గుర్తుచేసుకోవాలి.

చికిత్సకే సిద్ధపడినవారు సంతకం చేసే పత్రాలను శ్రద్ధగా చదవాలి. 2021 నాటి చట్టం ప్రకారం నమోదైన కేంద్రంలోనే చికిత్స జరగాలి. భార్య వయసు 21 నుంచి 50 లోపు, భర్త వయసు 21 నుంచి 55 లోపు ఉండాలి. అనుమతి పత్రంలో దాత అండం, దాత వీర్యం వాడకానికి సంబంధించిన గడులు ఉంటే వాటి ఎదుట “వద్దు” అని చేతిరాతతో రాయండి, ఖాళీగా వదలకండి. నమూనాల మీద పేర్లు తారుమారు కాకుండా ప్రతి దశలో ఇద్దరు సిబ్బంది సరిచూస్తారా అని అడగండి. ఎన్ని అండాలను ఫలదీకరించాలో ముందే మాట్లాడుకోండి. పిండాలను పదేళ్లకు మించి నిల్వ ఉంచడానికి చట్టం ఒప్పుకోదు. ఆ తర్వాత వాటిని సహజంగా ముగిసిపోనిస్తారా, పరిశోధనకు ఇస్తారా అన్నది దంపతుల అనుమతితో జరగాలి. ముఫ్తీగారితో మాట్లాడి ఆ జవాబును కూడా మొదటి రోజే రాయించండి. పత్రం నకలు ఒకటి నికాహ్‌నామాతో పాటు ఇంట్లో ఉంచుకోండి.